దుమ్ము మనిషి కుర్చీ

"మావారు పోయి మూడు నెలలైందండీ. పది రోజులుగా ఆయన కుర్చీలోకే వచ్చి కూర్చుంటున్నారు!" అందావిడ.

ఊరంతా చాదస్తంగారని పిలిచే ఆ డిటెక్టివ్ నవ్వలేదు. ఆయన సహాయకురాలికి మాత్రం ఒళ్లు జలదరించింది.

ఆ సాయంత్రమే ముగ్గురూ ఆవిడ ఇంటికి వెళ్లారు. ఆవిడ భర్త పాతకాలపు యాక్రిలిక్ ప్లాస్టిక్ సామాను పోగుచేసిన మనిషి. యాభై ఏళ్లనాటి కుర్చీలు, బల్లలు, అన్నీ గాజులా ఉన్నాయి. చూస్తే ఖాళీ గదే, అంచులు మాత్రం మెరుస్తున్నాయి. మధ్యనున్న ఆయన కుర్చీకి మనిషి ఆకారంలో దుమ్ము పట్టి ఉంది, తలతో, భుజాలతో సహా.

"రోజూ సాయంత్రం తడిగుడ్డతో తుడిచేస్తాను. పొద్దున శుభ్రంగానే ఉంటుంది. మా మరిది రోజూ వచ్చి, టీ తాగి వెళ్లగానే తాళం వేసేస్తాను. సాయంత్రానికి మళ్లీ ఈయన! అన్నీ తనకి చవగ్గా అమ్మేసి ఇల్లు వదిలెయ్యమంటున్నాడు మరిది. రేపు సాయంత్రమే సంతకాలు."

"తాళంచెవి ఇంకెవరి దగ్గరైనా ఉందా?"

"వీటిని బాగుచేసే మేస్త్రీ దగ్గరుంది."

సహాయకురాలు కుర్చీ వైపు చెయ్యి చాపింది. ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"అమ్మబాబోయ్! ఎవరో ఉన్నారండీ!"

చాదస్తంగారు టార్చి ఏటవాలుగా వేశారు. ఆకారం ఉన్నంత మేరా సన్నటి గీతలు, దుమ్ములో అక్కడక్కడా నీలం నూగు.

మర్నాడు సాయంత్రం అందరూ ఆ గదిలోనే చేరారు. దుమ్ము మనిషి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. మరిది నీలం ఉన్ని మఫ్లరు సర్దుకుంటూ, "తాళంచెవి ఈ మేస్త్రీ దగ్గరుంది వదినా," అన్నాడు.

"మేస్త్రీగారూ, వీటిని పొడిగుడ్డతో తుడుస్తారా?" అడిగారు చాదస్తంగారు.

"ఛఛ! నా చెయ్యి విరిగినా ఆ పని చెయ్యను. గీతలు పడవూ? పైగా రుద్దిన చోటల్లా దుమ్ము లాక్కుంటుంది."

"అంతేనమ్మా," అన్నారు చాదస్తంగారు. "పొడి ఉన్నితో రుద్దితే దీంట్లో కరెంటు పుడుతుంది. నిన్న మా సహాయకురాలి చేతి వెంట్రుకలు లేచిందీ అందుకే. రుద్దినప్పుడు ఏమీ కనబడదు, తాళం పడ్డాక గాలిలో దుమ్ము మెల్లగా వచ్చి అంటుకుంటుంది. గీతలంటే ప్రాణం పోయే మేస్త్రీ ఈ పని చెయ్యడు. మీరు టీ తేవడానికి లోపలికెళ్లినప్పుడు మీ మరిది మఫ్లరుతో చేశాడు. దాని నూగు దుమ్ములోనే ఉంది, చూడండి."

మరిది మొహం మాడిపోయింది. "ఒకసారి పొడిగుడ్డతో తుడిచానని అన్నయ్య ఇదే దుమ్ము చూపించి తిట్టాడు," అని గొణిగాడు.

ఆవిడ అమ్మకం కాగితాలు చింపేసింది. మేస్త్రీ తడిగుడ్డ తీసుకుని కుర్చీ దగ్గరికి నడిచాడు.

"ఆగండి!" ఆవిడకి ఏడుపు ఆగలేదు. "భయపడుతూనే ఈ పది రోజులూ ఆయనతో బోలెడు కబుర్లు చెప్పుకున్నానండీ. ఎవరూ లేరని ఇప్పుడు తేలిపోయిందిగా. ఇవాళ్టికి తుడవకండి."