ఈకమబ్బు ఎత్తు

"పొడి వారం అన్నారు కదండీ," అంటూ పెయింటర్ లోపలికొచ్చాడు. మోచేతుల దాకా నీలం రంగు. జుట్టులోంచి కారుతున్న వాన నీళ్ళు.

ఆ చిన్న ఊరి రేడియో ఆఫీసులో మైకు ముందు కూర్చున్న అమ్మాయి తలెత్తి చూసింది. చలికాలమంతా వారానికోసారి రాబోయే రోజుల వాతావరణం చెప్పేది ఆమే. ఊరంతా మబ్బులమ్మాయి అంటారు.

"అవునండీ, రేడియోలో అలాగే వచ్చింది," అంది.

"అది నమ్మి లైబ్రరీ గోడకి రంగేశాను. ఇప్పుడా రంగు మురిక్కాలవలో ఉంది. కాలవ మాత్రం కళకళలాడుతోంది."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుంది. "క్షమించండి. మీ కష్టమంతా నీళ్ళపాలైంది."

దెబ్బలాటకి నడుం బిగించి వచ్చినవాడు మోచేతి రంగు తుడుచుకుంటూ నిలబడ్డాడు. వాన ఎంత పడిందో చూసొస్తానని ఆమె గొడుగు తీసుకుని మేడ మీదికి వెళ్ళింది.

మూలన కూర్చున్న పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "బాబూ, మా అమ్మాయి వాన అనే చెప్పింది. నేనే పోయిన వారం రికార్డింగు వేసేశాను. దాని బాబాయిని. పొద్దుట్నుంచీ ఫోన్ల మీద ఫోన్లు. తిట్లన్నీ అదే తింటోంది. నన్ను నోరెత్తనివ్వడం లేదు."

పెయింటర్ రెండేసి మెట్లు ఎక్కాడు. మేడ మీద ఆమె వాన కొలిచే గాజు గొట్టాన్ని కళ్ళకెదురుగా పట్టుకుని ఉంది. గొడుగు గాలికి పక్కకి పోతోంది. వెళ్ళి పట్టుకున్నాడు.

"తప్పు మీది కాదని చెప్పొచ్చుగా?"

ఆమె గొట్టం మీంచి చూపు తిప్పలేదు. "నన్ను తిట్టినవాళ్ళు సాయంత్రానికి మరిచిపోతారు. నేనూ మరిచిపోతాను. బాబాయిని తిడితే ఆయన మరిచిపోడు. పిన్ని పోయాక ఆయనకి ఆ రేడియోనే దిక్కు."

ఆమె భుజం తడవకుండా గొడుగు అటు వంచాడు. తన వీపు నానిపోతోందని అతనికి తెలియలేదు.

ఆ తర్వాత ఏదో ఒక వంకతో మేడెక్కుతూనే ఉన్నాడు. గోడ ఆరుతుందా అని ఒకరోజు, రేపు నిచ్చెన వెయ్యొచ్చా అని ఇంకోరోజు. ఆమె జవాబు ఆకాశంలో చూపించేది.

"అదిగో, ఆ ఎత్తున పల్చగా దువ్వినట్టున్నవి ఈకమబ్బులు. మంచు రవ్వలతో అయినవి. మన మబ్బులన్నిటికన్నా పైన ఉంటాయి. ఒక్కోసారి వాటి వెనకే వాన వస్తుంది."

"మరి ఆ దూది కుప్పలు?"

"అడుగు చదునుగా ఉందా? అలా చిన్నగా ఉన్నంతసేపూ మీరు నిశ్చింతగా రంగెయ్యొచ్చు. ఆకాశమంతా ఒకే బూడిద రంగు దుప్పటి కప్పుకుంటే మాత్రం నిచ్చెన దిగండి."

"ఒకే రంగు కాదండీ. అంచున కొంచెం నీలం, మధ్యలో చిటికెడు గులాబి. ఆ దుప్పటి గీయాలంటే ఆరు డబ్బాలు కలపాలి."

ఆమె మొదటిసారి మబ్బుని వదిలి అతని వైపు చూసింది. ఇన్నేళ్ళుగా చూస్తున్న ఆకాశంలో ఆ గులాబి తనకెప్పుడూ కనబడలేదు.

"మీరు రేడియోలో ఈకమబ్బులంటే వినేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అన్నాడతను. "మీ ఆఫీసు వీధి గోడ ఖాళీగా ఉంది. గీసిపెడతాను."

గోడ మీద ఆకాశం మొదలైంది. అది సగం కాకుండానే పక్క ఊరి హోటల్ నుంచి అతనికి కబురొచ్చింది. పెద్ద పని, నెలలు పడుతుంది. ఈ గోడ అవగానే బయల్దేరాలి.

ఆ సంగతి చెప్పి ఆమె మొహంలోకి చూశాడు.

"మంచి పని. వెళ్ళిరండి," అని ఆమె మైకు దుమ్ము తుడిచింది. అసలే మెరుస్తున్న మైకుని చాలాసేపు తుడిచింది.

బొమ్మ అయిందని అతను చెప్పిన ఉదయం ఆమె గోడ ముందు నిలబడింది. దూది కుప్పలు, బూడిద దుప్పటి, అందులో చిటికెడు గులాబి, అడుగున ఊళ్ళో ఇళ్ళు. చూస్తూ చూస్తూ కనుబొమలు ముడిచింది.

"ఈకమబ్బు ఇక్కడుందేంటి? ఇంటికప్పుకి ఆనుకుని?"

పెయింటర్ బ్రష్షు కడుగుతున్నాడు. "అక్కడ ఉండదా?"

"చలికాలమంతా నా పక్కన నిలబడి చూశారు. ఉండదని మీకు తెలుసు."

"తెలుసు."

"మరి?"

"తప్పుంటే దిద్దడానికి మళ్ళీ రావాలి కదండీ." బ్రష్షు ఎప్పుడో శుభ్రమైంది, కడుగుతూనే ఉన్నాడు. "మీరు వెళ్ళిరమ్మన్నారు. రావడానికి ఒక పనైనా ఉంచుకుందామని. నాకు ఈ మేడ వదిలి వెళ్ళాలని లేదు. మిమ్మల్ని వదిలి అసలే లేదు."

ఆమె ఈకమబ్బు మీద వేలు పెట్టింది. రంగు ఇంకా ఆరలేదు. వేలికి అంటిన తెలుపుని తుడుచుకోలేదు.

"ఇక నుంచి ఆ హోటల్ ఊరి వాతావరణం కూడా చెబుతాను," అంది. "పొడి రోజుల్లో అక్కడ పని చేసుకోండి. వాన రోజుల్లో ఇక్కడికొచ్చెయ్యండి."

"వాన పడకపోతే?"

"పడకపోయినా వచ్చెయ్యండి. అది రేడియోలో చెప్పను."

బాబాయి గుమ్మంలో ఎప్పటినుంచి ఉన్నాడో, గొంతు సవరించుకున్నాడు. జేబులోంచి మేడ తలుపు తాళంచెవి తీసి పెయింటర్ తడి చేతిలో పెట్టాడు.

"పైన గాలెక్కువ, బాబూ. దానికి గొడుగు పట్టుకోవడం చేతకాదు," అన్నాడు. లోపలికి వెళుతూ ఆగాడు. "ఆ ఈకమబ్బుని అలాగే ఉండనివ్వు. ఎవరైనా అడిగితే నేను గీయించానని చెప్పండి. ఈసారి తిట్లు నా వంతు."