శైలజ దాచిన తాళం

"ఏమే శైలజా! బండి తాళం యాడ దాచినావే? మర్యాదగా ఇస్తావా, ఇయ్యవా?"

అత్తగారు వెంకటలక్ష్మమ్మ కేక ధర్మవరంలోని ఆ సందు చివరిదాకా వినిపించింది. పక్కింట్లో మగ్గం చప్పుడు ఠక్కున ఆగిపోయింది! శైలజ వంటింటి గడపలో నిలబడి, కొంగున ముడివేసిన తాళంచెవిని గుప్పిట్లో బిగించింది. ఒక్క మాట... ఒక్క మాట చెబితే చాలు, ఈ నిందలన్నీ తీరిపోతాయి. కానీ ఆ మాటే ఆమె నోరు దాటకూడదు!

వాకిట్లో నల్లటి బండి నిలబడి ఉంది. చిన్న ఇంజను, కిందికి దిగిన సీటు, వెడల్పాటి హ్యాండిలు. ఆర్భాటమేమీ లేని ఆ బండి అంటే శైలజ భర్త రఘునాథ్‌కు ప్రాణం. నేసిన పట్టుచీరలు వెనక కట్టుకుని హిందూపురం అంగళ్లకు దాని మీదే వెళ్లేవాడు. అలాంటివాణ్ణి పెళ్లామే బండి ముట్టనివ్వకుండా, మూట మోయించి బస్సెక్కిస్తోందని వీధంతా చెప్పుకుంటోంది.

ఎవరికేం తెలుసు? ఉగాది ముందు ఇద్దరూ ఆ బండి మీదే హిందూపురం నుంచి వస్తూ పెనుకొండ దగ్గర టీ కోసం ఆగారు. ఆగబట్టి సరిపోయింది! గ్లాసు అందుకోబోయిన రఘునాథ్ కొయ్యలా బిగుసుకుని కిందపడ్డాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ, నోట నురగ...! ఫిట్స్ అన్నాడు అనంతపురం డాక్టరు. మాత్రలు మానకూడదు, తాను చెప్పేవరకూ బండి నడపకూడదు అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రఘునాథ్ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు. "మాయమ్మకు చెప్పొద్దు శైలూ! మా మారుతి మామ ఇట్లే ఫిట్స్ వచ్చి బాయిలో పడి సచ్చిపోయినాడు. తమ్మునికి వచ్చిందే కొడుక్కీ వచ్చిందంటే ఆయమ్మ బతకదు... నా మీద ఒట్టు!"

ఆ ఒట్టుకు కట్టుబడింది శైలజ. గయ్యాళి అనిపించుకుంది, మొగుణ్ణి కొంగున కట్టుకుందనిపించుకుంది. కానీ మాత్రలు పడి ఒళ్లు కాస్త కుదుటపడేసరికి రఘునాథే మారిపోయాడు. "నాకు బాగైపోయింది" అనడం మొదలుపెట్టాడు.

ఇంతలో వాకిట్లో ఇంజను మోగింది!

శైలజ కొంగు ముడి తడిమి చూసుకుంది. తాళం తన చేతిలోనే ఉందే! మారు తాళం చేయించుకున్నాడా? పరుగున బయటికొచ్చింది. రఘునాథ్ బండెక్కి ఉన్నాడు. వెనక కూతురు లక్ష్మీప్రియ, బడి సంచి తగిలించుకుని, నవ్వుతూ నాన్న నడుము పట్టుకుని కూర్చుంది!

ఆమె వెళ్లి ముందు చక్రానికి అడ్డంగా నిలబడి, హ్యాండిలు పట్టుకుంది.

"పాపను దించండి!"

"పక్కకు పో శైలజా. అందురూ చూస్తాండారు."

"చూడనీండి! మీరు పోయేదుంటే నన్ను తొక్కించుకుని పోండి. బిడ్డను మాత్రం దించండి!"

వెంకటలక్ష్మమ్మ వచ్చి కోడలి చెయ్యి పట్టి లాగింది. గాజులు చిట్లి మణికట్టు మీద రక్తం చిమ్మింది. "సిగ్గు లేదా నీకు? నా కొడుకు నీకేం ద్రోహం చేసినాడే? మనిషి మనిషిగా బతికేది గూడా ఓర్చుకోలేవా?"

శైలజ హ్యాండిలు వదల్లేదు. కన్నీళ్లు ధారగా కారుతున్నాయి, పెదవులు మాత్రం విప్పలేదు. రఘునాథ్ భయంగా ఆమె ముఖంలోకి చూశాడు. చెప్పేస్తుందా... ఇప్పుడైనా చెప్పేస్తుందా? లేదు! ఇంతమందిలో, ఇంత అవమానంలో కూడా ఆమె తన ఒట్టే కాస్తోంది!

రఘునాథ్ ఇంజను ఆపేశాడు. కూతుర్ని ఎత్తి కిందికి దించాడు.

"శైలజను వదులుమా," అన్నాడు తల్లితో. "తప్పు నాదే. నాకు... నాకు ఫిట్స్ వస్తాండాయమ్మా. మారుతి మామకు వచ్చినట్లే. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నా."

వెంకటలక్ష్మమ్మ అరుగు మీద కూలబడిపోయింది. కొడుకు ముఖం తడిమింది, మనవరాలిని ఒళ్లోకి లాక్కుంది. తర్వాత తన చీర చెంగు చింపి, కోడలి మణికట్టుకు కట్టింది.

"నేను ఇన్ని మాటలంటాంటే ఎట్ల ఓర్చుకున్యావమ్మా?"

"మీరు నన్ను తిట్టినంతసేపూ ఆయన బండెక్కకుండా ఉంటాడు గదా అత్తా... అంతే సాలనుకున్యా."

ఆ మాటకు వెంకటలక్ష్మమ్మ బావురుమంది!

బండి అమ్మేద్దామన్నాడు రఘునాథ్. వద్దంది వెంకటలక్ష్మమ్మ. "కోడలు నేర్చుకుంటాది. నవ్వేవాళ్లకు నేను చెప్తా జవాబు!" అంది.

శైలజ నేర్చుకుంది. పడింది, మోకాళ్లు చీరుకుపోయాయి, మళ్లీ లేచింది. లైసెన్సు చేతికొచ్చిన వారంలోనే చీరల మూట కట్టుకుని హిందూపురం బయల్దేరారు. భార్య వెనక కూర్చోవడానికి రఘునాథ్ తటపటాయించాడు. వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. అయినా తల వంచుకుని ఎక్కాడు.

దారంతా చీరల మూటనే పట్టుకుని, ఆమెకు తగలకుండా కూర్చున్నాడు. కోపమా, చిన్నతనమా... శైలజకు అర్థం కాలేదు. పెనుకొండ కొండ కనబడే చోట అతని చేయి మెల్లగా వచ్చి ఆమె భుజం మీద ఆనింది. మెడ మీద కన్నీటి చుక్క వెచ్చగా తగిలింది.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. కళ్లు రోడ్డు మీదే నిలిపి, బండిని ఇంకాస్త నెమ్మదిగా పోనిచ్చింది.