కాటా రూము దగ్గర నాలుగు గీతలు

చిల్లకల్లు నుంచి వేదాద్రి పోయే దారిలో మూతపడ్డ కాటా రూము ఒకటుంది. సున్నపురాయి లారీలు తూచే రోజుల్లో కట్టింది. ఇప్పుడు తలుపు లేదు, కిటికీకి చువ్వల్లేవు. పొద్దుగూకాక ఆ పక్కకి ఎవరూ పోరు.

ఎందుకు పోరంటే... వెనకటికి ఒక లారీ క్లీనరు, అడ్రసు చీటీ చేత్తో పట్టుకుని అక్కడ దిగాడట. చదువు రాదు. "ఇందులో ఏం రాసుందో చెప్పండయ్యా" అని దారిన పోయే వాళ్లందర్నీ అడిగాడట. ఎవరూ ఆగలేదు. చీకట్లో ఏదో బండి గుద్దేస్తే అక్కడికక్కడే పోయాడట. అప్పట్నించీ రాత్రిపూట ఒంటరిగా పోతే వెనక నుంచి ఒక చీటీ ముందుకొస్తుందనీ, చదవకుండా పోతే మూడు రోజులు జ్వరమనీ చెప్పుకుంటారు.

ఊళ్లో సిగ్నల్ అందదు. ఫోన్లో నాలుగు గీతలు పడేది ఒక్కచోటే — ఆ కాటా రూము అరుగు మీద.

జెరూషా అందుకే వెళ్లింది. ఊళ్లో రాత్రిబడి నడిపే పిల్ల. పదకొండు మంది పెద్దవాళ్ల పేర్లు పరీక్షకి పంపాలి. రాత్రి పది గంటలకి సైటు మూసేస్తారు. అది ఫోన్లో తెరుచుకోదు, లాప్‌టాప్ ఉండాల్సిందే. పేర్లు వెళ్లకపోతే అయిదు నెలల చదువూ గంగపాలు. వాళ్లలో పుల్లమ్మయితే పరీక్ష కోసం కొత్త కళ్లజోడు కూడా చేయించుకుంది.

అప్పటికే తొమ్మిదిన్నర.

లాప్‌టాప్ ఆమె తమ్ముడు నవీన్‌బాబు వాడి వదిలేసింది. విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించాడు. "ఎట్టా వాడాలో అన్నీ రాసిచ్చా అక్కా" అని ఒక చీటీ చేతిలో పెట్టి హైదరాబాద్ పోయాడు.

తొందరలో జెరూషా ఆ చీటీ చూడనే లేదు. ఫోన్లో హాట్‌స్పాట్ నొక్కింది. పాస్‌వర్డ్ కూడా పెట్టలేదు. రెండు క్షణాలాగి ఫోన్ చెప్పింది — ‘ఒక పరికరం కలిసింది.’

హమ్మయ్య అనుకుంది. కానీ లాప్‌టాప్‌లో నెట్టు లేదు.

అప్పుడు చీటీ తీసి, ఫోన్ వెలుతురులో పైకే చదివింది. "ఒకటి... ఇందులో వైఫై పనిచేయదు. ఫోన్‌కి వైరు పెట్టి, ఫోన్ నెట్టు దీనికిచ్చే టెథరింగ్ నొక్కాలి."

వైఫై పనిచేయదు.

మరి ఇందాక కలిసిందెవరు?

మెడ వెనక చల్లగా తగిలింది. అయినా వైరు పెట్టింది. టెథరింగ్ నొక్కింది. చీటీలో రెండోది చూసి, ఆజ్ఞలు కొట్టే నల్ల తెర తెరిచి, అక్కడ రాసున్న ఇంగ్లీషు వాక్యం తప్పు లేకుండా కొట్టింది. లాప్‌టాప్ పాస్‌వర్డ్ అడిగింది. ఒక్కో అక్షరం నొక్కుతుంటే... తెర మీద ఒక్కటీ పడలేదు. చుక్క కూడా లేదు. కొట్టింది కొట్టినట్టు ఎవరో మింగేస్తున్నట్టుంది.

చీటీలో ఆఖరి వాక్యం చదివింది. "పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఏమీ కనపడదు. భయపడకు."

సరిగ్గా అప్పుడు — గది లోపల నుంచి —

"క... ఖ..."

బొంగురు గొంతు.

"గ... ఘ..." ఆగింది. గుటకేసిన చప్పుడు. మళ్లీ మొదటికొచ్చింది. "క... ఖ..."

పరిగెత్తాలనిపించింది. పరిగెడితే వైరు ఊడుద్ది. వైరు ఊడితే నెట్టు పోద్ది. పుల్లమ్మ కళ్లజోడు కళ్లముందు మెదిలింది. జెరూషా కళ్లు మూసుకుని ఎంటర్ కొట్టింది.

నెట్టు వచ్చింది.

"ఎవరది?" అంది.

"మెల్లగా... మెల్లగా. ఆ లైటు ఆర్పు ముందు."

తలమీద తువ్వాలు కప్పుకుని, దాని కింద వెలిగే సెల్లుతో బయటికొచ్చాడు బుల్లిబాబు. డెబ్భై దాటిన రైతు. ఊళ్లో మొండివాళ్ల లెక్క తీస్తే ఆయనతోనే మొదలు.

"మీరా బాబాయ్? రాత్రిబడికి రమ్మంటే, ఈ వయసులో పలకేంటని పదిమందిలో నా పరువు తీశారుగా."

"అట్టా అన్నాక ఏ మొహం పెట్టుకుని వచ్చేది? అందుకే సెల్లులో నేర్చుకుంటున్నా."

"ఇక్కడా? దెయ్యం ఉందంటే..."

"ఉందనేగా ఎవరూ రారు. ఆ జ్వరం ముక్క నేను కలిపిందేలే."

నవ్వాలో తిట్టాలో తెలీలేదు జెరూషాకి. "ఎక్కడిదాకా వచ్చింది?"

"ఙ దగ్గర ఆగింది. నోరు తిరగట్లా."

"దాన్ని వదిలేయండి. ఎవరూ వాడరు."

"అట్టా ఎట్టా వదిలేస్తాం? వరసలో ఉందిగా."

కాసేపు కాలితో మట్టి గీకి, అన్నాడు — "టీచరమ్మా... పదకొండు పేర్ల కింద ఇంకోటి పడుద్దా?"

పన్నెండో పేరు పడింది. పదికి మూడు నిమిషాలుండగా ‘అందినవి’ అని తెర మీద వచ్చింది. జెరూషా వైరు చుడుతూ నవ్వింది.

"మీ సెల్లు నా హాట్‌స్పాట్‌కి కలిసిందని తెలీక హడలి చచ్చా బాబాయ్."

"నీ నెట్టు నాకెందుకమ్మా? పాఠాలన్నీ మనవరాలు ముందే ఎక్కించింది. నెట్టు కట్టేసే ఉంచా, చూడు." సెల్లు ముందుకు చాపాడు. పైన విమానం బొమ్మ ఉంది.

జెరూషా తన ఫోన్ చూసుకుంది.

‘ఒక పరికరం కలిసింది.’

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. గదిలోకి మాత్రం ఎవరూ చూడలేదు. మోకాళ్ల నొప్పులని మూలిగే బుల్లిబాబు, జెరూషా కన్నా పది అడుగులు ముందే నడిచాడు.

మర్నాడు పట్టపగలు జెరూషా వెళ్లి, ఆ కిటికీలో ఒక పలక, కొత్త బలపం పెట్టొచ్చింది. ఎందుకు పెట్టిందో తనకీ తెలీదు.

రెండో రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే పలక మీద ఏమీ లేదు, తుడిచిన మరక తప్ప. బలపం మాత్రం సగానికి అరిగింది.

నేను కాదంటే కాదని వేదాద్రి నరసింహస్వామి మీద ఒట్టేశాడు బుల్లిబాబు. ఒట్టేసి, అటూ ఇటూ చూసి, జెరూషా చెవి దగ్గరకొచ్చాడు.

"వాడు... ఙ దాటాడంటావా?"