సొట్ట ఎవరిది?

"క్లచ్ బాగుచేయమని ఇస్తే కారు నెత్తిన మొట్టికాయ వేశారేంటండీ?" అంది రుదైనా.

షెడ్డులో మనిషి కనిపించలేదు. ఎవరిదో కారు కింద నుంచి రెండు కాళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి. ఆ కాళ్ళు కాసేపు ఆలోచించుకున్నాయి. తర్వాత వాటి వెనకాలే ఒక యువకుడు జరుగుతూ బయటికొచ్చాడు. నుదుటి మీద గ్రీజు మరక, ఏదో నవ్వు ఆపుకుంటున్నట్టుండే కళ్ళు. పేరు కుతైబా. సల్త్ ఊళ్ళో, కొండ కింది బజారు చివర ఆ షెడ్డు తెరిచి అతనికింకా ఏడాది తిరగలేదు.

"క్లచ్ ఎలా ఉంది టీచర్ గారూ?"

"క్లచ్ వెన్నముద్దలా ఉంది. నేనడిగేది టాపు మీద సొట్ట సంగతి."

"చూడండి, క్లచ్ కారు కడుపులో ఉంటుంది. కడుపు ఆపరేషన్ చేసేవాడు నెత్తి మీదకి ఎందుకెక్కుతాడు?"

"నేనూ అదే అడుగుతున్నా. ఎందుకెక్కారు?"

"ఎక్కలేదు."

"మరి కారు దానంతటదే తల గోడకేసి బాదుకుందా?"

సల్త్‌లో ఏ కారూ తన నెత్తిని దాచుకోలేదు. ఊరంతా కొండ, వీధులన్నీ మెట్లు. పై వీధిలో నిలబడితే కింది వీధి కార్ల టాపులు పరిచిన పక్కల్లా కనిపిస్తాయి. రుదైనా ఆడపిల్లల బడిలో భూగోళం చెబుతుంది. ఆ మధ్యాహ్నం బడి మెట్లు దిగుతూ కిందికి చూస్తే, తన తెల్ల కారు టాపు మధ్యలో పళ్ళెమంత పల్లం. ఆమెకి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు. ఏదైనా ఎందుకు జరిగిందో, ఎలా జరిగిందో తెలిసేదాకా ముద్ద దిగదు.

కుతైబా వచ్చి చూశాడు. సొట్ట మీద అరచేయి పెట్టి నిమిరాడు. టాపు అంచున నీళ్ళు జారే గాడిలోంచి ఏదో తీసి చప్పున జేబులో వేసుకున్నాడు.

"ఏంటది?"

"చెత్త."

"చూపించండి."

"ఆడవాళ్ళకి చెత్త చూపించే అలవాటు లేదండి."

రుదైనాకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఇంటికెళ్ళే దారంతా ఆమె ఆలోచించింది సొట్ట గురించి కాదు, ఆ జేబు గురించి.

ఇంట్లో చెబితే తండ్రి అబూ వాహిబ్ పేపర్లోంచి తలెత్తలేదు. ఆయన మగపిల్లల బడికి హెడ్మాస్టరుగా చేసి రిటైరయిన మనిషి. "చిన్న సొట్టే కదా, పోనియ్యమ్మా" అన్నారు. దానికి తల్లి ఉమ్ వాహిబ్ ఊరుకోలేదు. "పోనివ్వడమేంటి? ఎవరో చెయ్యందే సొట్ట ఎలా పడుతుంది?" అని నిలదీసింది. ఆమె కళ్ళు తన వైపు తిరిగేసరికి ఆయనకి ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఇంకెవరు, ఆ షెడ్డువాడే" అన్నారు గట్టిగా. అన్నందుకు మర్నాడు కొండ దిగి షెడ్డుకెళ్ళి అరిచి కూడా వచ్చారు.

సల్త్‌లో మనుషులు మెట్లు దిగేలోపు తగాదా బజారుకి చేరుతుంది. హెడ్మాస్టరు గారంతటివారు అరిచారంటే నిప్పు లేందే పొగ వస్తుందా అన్నారు. టీచర్లు తమ కార్లు వేరే షెడ్లకి తోలుకుపోయారు.

రుదైనా మాత్రం పోతూనే ఉంది. కొట్లాడటానికే పోతున్నానని తనకి తాను చెప్పుకుంది. మొదటిసారి టేపు తీసుకెళ్ళి సొట్ట కొలిచింది. రెండోసారి షెడ్డు పైకప్పు నుంచి ఏమైనా ఊడిపడ్డాయేమోనని మెడ పట్టేసేదాకా పైకి చూసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్క పెట్టడం మానేసింది. కుతైబా ఆమె కోసం ఒక కుర్చీ తుడిచి పక్కన పెట్టడం మొదలెట్టాడు.

"మేక దూకిందేమో?" అందొకసారి పుదీనా టీ తాగుతూ.

"మేకకి నాలుగు కాళ్ళండీ. నాలుగు చిన్న గుంటలు పడాలి."

"అంటే రెండు కాళ్ళదే అంటారు."

"నేనేమీ అనలేదు."

"మీకు తెలుసు. మీ మొహం చూస్తే తెలుస్తోంది."

"తెలుసు" అన్నాడు కుతైబా తాపీగా. "చెప్పను."

రుదైనా గ్లాసు కింద పెట్టేసింది. "చెబితే మీరు నెగ్గుతారు కదా?"

"నెగ్గుతాను. ఇంకొకరి తల వంగుతుంది. నాకా బేరం నచ్చలేదు."

"ఎవరి తల?"

"టీ చల్లారిపోతోంది."

ఆరోజు వాన మొదలైంది. వేసవి మొదట్లో సల్త్‌లో వాన పడటమే వింత. రేకుల మీద చినుకుల మోత, షెడ్డులో వీళ్ళిద్దరూ, బాగుచేయడానికి ఒక్క కారూ లేదు. ఆ ఖాళీ అప్పుడే కనిపించింది ఆమెకి.

"మీ పనులన్నీ ఏమయ్యాయి?"

"సొట్టలో పడ్డాయి" అని నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "మా అన్న అకబా రేవులో పనిచేస్తాడు. షెడ్డు మూసేసి వచ్చెయ్యమంటున్నాడు. ఈ పేరుతో ఇక్కడ నడపలేను టీచర్ గారూ. అందుకే శుక్రవారం పెద్దమనుషుల్ని తీసుకుని మీ ఇంటికి వస్తున్నా. తప్పు నాదేనని ఒప్పుకుని, మీ నాన్నగారి చేత క్షమించాననిపించుకుని పోతాను. పగతో ఊరు వదలడం ఇష్టం లేదు."

"చెయ్యని తప్పు ఒప్పుకుంటారా?"

"చేశానని మీరే కదా ఇన్నాళ్ళూ అంటున్నారు."

"ఇప్పుడు అనటం లేదు" అంది రుదైనా.

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గానీ ఆమెకే తెలియలేదు. అకబా అంటే మ్యాపులో వేలు పెట్టి పిల్లలకి ఎన్నోసార్లు చూపించింది. అంత దూరమని ఎప్పుడూ అనిపించలేదు. అతను వెళ్ళిపోతే తను ఉండలేదు. అంతే, అందులో పరిశోధించడానికేమీ లేదు.

శుక్రవారం జుమ్మా నమాజు కాగానే వస్తామని కబురొచ్చింది. వంటింట్లో ఉమ్ వాహిబ్ ద్రాక్షాకుల్లో బియ్యం, మాంసం పెట్టి చుట్టలు చుడుతోంది. రుదైనాకి చేతులాడటం లేదు.

"ఈసారి ఆకు ఎంత లేతగా ఉందో చూడవే" అంది తల్లి. "పందిరి మీద చిటారున ఉండే ఆకు. మీ నాన్నే కోసుకొచ్చారు, మొన్న నీ కారు షెడ్డుకిచ్చే ముందు రోజు. కొన్ని ఉప్పునీళ్ళలో వేసి దాచా."

"నాన్నా? నిచ్చెన ఎక్కారా?"

"ఎక్కడం కూడానా. పోయినేడు పడి తుంటి విరగ్గొట్టుకున్నాక ఇంకెక్కనని నాకు ఒట్టేశారు. నిచ్చెన గదికి తాళం వేసి తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నా. ఎలా కోశారో దేవుడికే తెలియాలి."

రుదైనా కిటికీలోంచి వాకిట్లోకి చూసింది. ద్రాక్ష పందిరి. పందిరి కింద, ఎప్పుడూ ఉండే చోటే, తన కారు. కుతైబా జేబులోకి వెళ్ళిన చెత్త ఏమిటో ఆమెకి తెలిసిపోయింది. అది నలిగిన ద్రాక్షాకు.

పరుగున తండ్రి గదికెళ్ళింది. ఆయన అద్దం ముందు పై అంగీ సవరించుకుంటున్నారు.

"నాన్నా, ఆకులు ఎలా కోశావు?"

అబూ వాహిబ్ అద్దంలోంచే కూతుర్ని చూశారు. రెండు చెవులూ ఎర్రబడ్డాయి. "వాళ్ళు వచ్చేశారమ్మా" అని బయటికి వెళ్ళిపోయారు.

పెద్దమనుషులంతా గది చుట్టూ పరుపుల మీద కూర్చున్నారు. కుతైబా తలుపు దగ్గర చివర్న, ఇస్త్రీ చొక్కాలో, వేరే ఎవరోలా ఉన్నాడు. తెర వెనక రుదైనా నిలబడింది. తండ్రి నోరు విప్పకపోతే తెర తీసుకుని తనే వెళ్ళి చెబుతుంది. ఆయన తల ఊరందరి ముందు వంగుతుంది. చెప్పకపోతే కుతైబా అకబా బస్సెక్కుతాడు. ఆయన మనసు ఎటు తిరుగుతుందో ఆమెకి అంతుపట్టలేదు.

అందరికంటే పెద్దాయన హాజీ మిఫ్లెహ్. ఊళ్ళో పెళ్ళి అడగాలన్నా, తగాదా తీర్చాలన్నా మాట్లాడాల్సింది ఆయనే. యాలకుల కాఫీ కప్పు ముందు పెట్టగానే ఆచారం ప్రకారం దాన్ని ముట్టకుండా పక్కన పెట్టి గొంతు సవరించుకున్నారు.

"అబూ వాహిబ్, నీ ఇల్లు గౌరవం గల ఇల్లు. నీ కూతురు బంగారం. మా అబ్బాయికి నీ అమ్మాయిని అడగటానికి గంపెడాశతో నీ గడప తొక్కాం. నువ్వు సరేననేదాకా ఈ కాఫీ తాగేది లేదు."

పక్కింటి కిటికీ లోంచి ఒకావిడ పెళ్ళి సంబరపు కేక కూడా వేసేసింది. కుతైబా మేనమామ కంగారుగా హాజీ అంగీ లాగాడు.

"హాజీ గారూ, పెళ్ళి కాదు. కారు."

"ఏ కారు?"

"సొట్ట కారు."

"మరి అమ్మాయి?"

"కారు అమ్మాయిది."

"ముందే చెప్పొద్దురా" అన్నారు హాజీ విసుగ్గా. "ఈ వారంలో మూడు పెళ్ళిళ్ళు అడిగా, నోరు అటే పోయింది. సరే, అబూ వాహిబ్, మా అబ్బాయి నీ కారుకి నష్టం చేశాడు. తప్పు ఒప్పుకుంటున్నాడు. క్షమించానను, కాఫీ తాగుతాం."

కుతైబా లేచి నిలబడ్డాడు. "తప్పు నాదే హెడ్మాస్టరు గారూ" అన్నాడు. ఆయన వైపు చూసే చూపులో నిష్ఠూరం లేదు.

రుదైనా చేయి తెర మీద పడింది.

"కూర్చో నాయనా" అన్నారు అబూ వాహిబ్. "ముప్పై ఏళ్ళు పిల్లలకి అబద్ధమాడొద్దని చెప్పా. ఆ కారు టాపు ఎక్కింది నేను. ద్రాక్షాకు కోసం ఎక్కా. నిజం చెప్పడానికి సిగ్గేసి ఈ అబ్బాయి మీదకి తోశా. వీడి షెడ్డు పాడుచేశా. నన్ను క్షమించమనండి."

వంటింట్లో గరిటె కింద పడింది. అబూ వాహిబ్ అటు తిరిగి గొంతు పెంచారు. "నిచ్చెన ఎక్కలేదు. ఒట్టు తప్పలేదు."

"రాత్రికి మాట్లాడుకుందాం" అంది వంటిల్లు.

నవ్వులు సద్దుమణిగాక హాజీ గడ్డం నిమురుకున్నారు. "అయితే తీర్పు తిరగబడింది. తప్పు ఇంటివాళ్ళది, హక్కు అబ్బాయిది. షెడ్డు తప్పు లేదని రేపు బజార్లో నేనే చెబుతా. ఇక నీ మాట నాయనా. ఏం కావాలో అడుగు. అది తేలేదాకా కాఫీ ఇక్కడే ఉంటుంది."

కుతైబా తన చేతులు చూసుకున్నాడు. "హక్కని కాదు. సొట్ట సంగతి ఇక్కడితో అయిపోయింది, ఎవరూ నాకేమీ బాకీ లేరు. కానీ హాజీ గారు ఇందాక మొదట అన్న మాటలు ఉన్నాయే..." అని ఆగి, "అవి నా మాటలుగా అనుకోండి" అన్నాడు.

అబూ వాహిబ్ లేచి మెల్లగా తెర దాటి లోపలికొచ్చారు.

"విన్నావామ్మా?"

"విన్నా."

"నేను కారెక్కినందుకు నువ్వేమీ తీర్చక్కర్లేదు. వద్దంటే వద్దని చెప్పి పంపిస్తా. నీ ఇష్టం."

రుదైనాకి వెంటనే సరేననాలనే ఉంది. అయినా జబ్బు జబ్బే. "కారెక్కింది నువ్వని ఆయనకి ఎప్పుడు తెలిసిందో అడిగి రా నాన్నా."

ఆయన వెళ్ళి వచ్చారు. "నేను షెడ్డుకెళ్ళి అరిచిన రోజేనట. సొట్ట నిమిరేటప్పుడే దుమ్ములో చెప్పు ముద్ర చూశాడట. నా చెప్పు ఒక పక్క అరిగి ఉంటుంది కదా, ఆ రోజు దాన్ని చూసి పోల్చుకున్నాడట."

"మరి ఇన్నాళ్ళు నాతో ఎందుకు వాదించాడట?"

అబూ వాహిబ్ మళ్ళీ కదలబోయారు. ఆ అవసరం లేకపోయింది. తెర అవతల నుంచి కుతైబా గొంతే వినిపించింది. "వాదన తేలిపోతే టీచర్ గారు రావడం మానేస్తారని."

రుదైనా తెర అంచు పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళు చెమ్మగిల్లాయి, నవ్వూ వచ్చింది, రెండూ ఒకేసారి.

"ఇంకేమైనా అడగాలా?" అన్నారు తండ్రి. "హాజీ గారి మోకాళ్ళు పట్టేస్తున్నాయి."

ఆమె వెతుక్కుంది. ఒక్క ప్రశ్న కూడా తోచలేదు.

"కాఫీ తాగమను నాన్నా" అంది.

అబూ వాహిబ్ గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పారు. హాజీ మిఫ్లెహ్ కప్పు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశారు. అది ఎప్పుడో చల్లారిపోయిందని ఆయన ఎవరికీ చెప్పలేదు.