మెట్ల మీద మహానగరం

ఆ ఇంట్లో మేడమెట్లకి వారం రోజులుగా ఊపిరి సలపడం లేదు. కింది వాటాలో ఉండే పెద్దకోడలు పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించి, పిల్లలిద్దరినీ వెంటేసుకుని మెట్ల దగ్గరికి వచ్చేస్తోంది. ఆవిడ లెక్కలో అవి మామూలు మెట్లు కావు, మహానగరం రైల్వే స్టేషన్లో వాటంతటవే పైకి కదిలే మెట్లు. పిల్లలు జాగ్రత్తగా కాలు పెట్టాలి, పక్కన కమ్మీ పట్టుకోవాలి, పైకి చేరగానే గంతులు వెయ్యకుండా దిగాలి.

"ఇవి కదలవు కదా పెద్దమ్మా. నిలబడితే పైకెలా వెళ్తాం?" అని ఏడేళ్ళ పిల్ల అడ్డు ప్రశ్న వేసింది. అందుకే దాన్ని ఇంటిల్లిపాదీ లాయరు అంటారు. దాని తమ్ముడు నాలుగేళ్ళ గుండుకి ఇలాంటి సందేహాలు రావు. చెప్పిన చోట ఎక్కుతాడు, చెప్పని చోట దూకుతాడు.

ఈ హడావుడికి కారణం సెలవుల్లో అనుకున్న ప్రయాణం. రెండు రోజులు మహానగరం చూసి రావాలని. పిల్లల తల్లి, అంటే ఇంటి చిన్నకోడలు, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. సెలవు కోసం ఆవిడ పై అధికారి చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి. ఎదుటివాళ్ళ మనసులో ఉన్నది చూసేస్తుందని మొగుడు ఆవిడకి 'ఎక్స్‌రే' అని పేరు పెట్టాడు. మొగుడి మనసు వరకూ అది నిజమే. మిగతావాళ్ళ విషయంలో ఆ యంత్రం అంత బాగా పనిచెయ్యదని ఆ రోజు తేలింది.

డ్యూటీకి తయారై, సంచి భుజానికి తగిలించుకుని ఆవిడ మేడ మీద గది తలుపు తీసింది. కింద మెట్ల మలుపులో గుండు గొంతు వినిపించింది.

"అమ్మా... అమ్మా..."

"ఇదిగో నాన్నా, ఇక్కడున్నా. ఇంకోసారి పిలువు," అంది పెద్దకోడలు.

వాడు మళ్ళీ పిలిచాడు, ఈసారి ఇంకా గట్టిగా. పెద్దకోడలు మురిసిపోతూ నవ్వడం కూడా వినిపించింది. చిన్నకోడలికి కాలు ముందుకు పడలేదు. వెనక్కి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, ఇంకేమీ వినబడకుండా రెండు చెవులూ మూసుకుని, కింద సందడి సద్దుమణిగాక దిగి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

ఆసుపత్రిలో చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు మెట్ల మీదే ఉంది. ఒక ముసలాయన్ని యంత్రం ముందు నిలబెట్టి, "ఊపిరి బిగపట్టండి" అంది. ఎక్స్‌రే తీసింది. ఆ తర్వాత చెప్పాల్సిన మాట మర్చిపోయింది. "వదలమంటావా తల్లీ, ఇలాగే పొమ్మంటావా?" అని ఆయన అడిగేసరికి నాలుక కరుచుకుంది.

ఆవిడ బాధ ఒక్క రోజుది కాదు. లాయరు పొత్తిళ్ళలో ఉండగానే మళ్ళీ డ్యూటీలో చేరాల్సి వచ్చింది. గుండు పుట్టినప్పుడూ అంతే. మొదటి అడుగు పడింది పెద్దమ్మ వంటగదిలో. మొదటి పన్ను ఊడింది పెద్దమ్మ చేతిలో. మోకాలు దోక్కుపోయినా, జ్వరం వచ్చినా ఇద్దరూ చేతులు చాచేది కిందికే. తోడికోడలి మీద ఇన్నాళ్ళూ కృతజ్ఞతే ఉందనుకుంది. దాని అడుగున ఏదో చిన్న ముల్లు కూడా ఉందని తనకి తెలుసు, చూడనట్టు ఊరుకుంది. ఈ ప్రయాణం కోసం అంత తాపత్రయపడింది కూడా అందుకే. ఆ రెండు రోజులూ పిల్లలకి ఆకలేసినా, కాలు నొప్పెట్టినా, భయమేసినా తన దగ్గరికే రావాలి. వేరే దారి ఉండకూడదు. అందుకే నలుగురికే టికెట్లు తీయించింది. ఆ సంగతి తోడికోడలికి ఎలా చెప్పాలో తెలియక నాన్చుతూ వచ్చింది.

సాయంత్రం కింది వాటాలో అందరూ చేరారు. రంగుల దుకాణంలో పనిచేసే చిన్నకోడలి మొగుడు గోళ్ళ సందుల్లో నీలం రంగుతోనే కూర్చుని కార్యక్రమం వివరించాడు.

"దిగగానే టవర్. అక్కణ్ణించి మ్యూజియం. తర్వాత జంతువుల పార్కు. చేపల అద్దాల మేడ. రాత్రికి దీపాల వీధి. రెండో రోజు..."

"మొదటి రోజుకే మనం అయిపోతాం నాన్నా," అంది లాయరు.

"దానికున్న బుద్ధి నీకు లేదు మరిదీ," అంది పెద్దకోడలు. "టవర్‌కి మధ్యాహ్నం వెళ్తే ఎండలో వరసలో నిలబడి పిల్లలు వడలిపోతారు. పొద్దున్నే ముగించెయ్యండి. స్టేషన్లోంచి ముందు గేటుకి వెళ్ళొద్దు, అక్కడ ఆటోల వాళ్ళు మీద పడిపోతారు. వెనక గేటు నుంచి బయటికొస్తే వంతెన కింద శుభ్రమైన బాత్రూములుంటాయి. గుండుగాడికి ముందు అది తప్పించి, తర్వాతే ఎక్కడికైనా."

"నీకెలా తెలుసొదినా ఇవన్నీ?" అని మరిది ఆశ్చర్యపోయాడు. మూల కుర్చీలో సైకిలు చైను బాగుచేస్తున్న పెద్దాయన, అంటే పెద్దకోడలి మొగుడు, తలెత్తి భార్య వంక చూసి, మళ్ళీ చైనులో తల దూర్చేశాడు. ఆయనకి సైకిళ్ళ దుకాణం ఉంది. సైకిళ్ళతో మాట్లాడినంత కూడా మనుషులతో మాట్లాడడు.

"ఎవరో చెప్పగా విన్నాలే," అంది పెద్దకోడలు.

"పెద్దమ్మా, రైల్లో నేను నీ పక్కన," అన్నాడు గుండు.

చిన్నకోడలికి పొద్దుటి మంట మళ్ళీ రాజుకుంది. "పెద్దమ్మ రావట్లేదు. మనం నలుగురమే వెళ్తున్నాం," అంది.

లాయరు లేచి నిలబడింది. "అదేంటి? ఊరంతా నేర్పింది పెద్దమ్మ. తను రాకపోతే ఎలా? ఇది అన్యాయం." గుండు వాదన పెట్టుకోలేదు, నేరుగా ఏడుపందుకున్నాడు. తల్లి ఎత్తుకోబోతే గింజుకుని పెద్దమ్మ ఒళ్ళో దూరాడు.

"ఛ, ఊరుకో. నేనెక్కడికొస్తాను? నేనొస్తే మీ పెదనాన్నకి అన్నమెవరు పెడతారు?" అని పెద్దకోడలు నవ్వుతూనే వాడి ముక్కు తుడిచింది. ఆ నవ్వు చూసి చిన్నకోడలికి ఇంకా ఒళ్ళు మండింది.

భోజనాలయ్యాక ఇద్దరూ వంటగదిలో మిగిలారు. ఒకరు గిన్నెలు కడుగుతుంటే ఒకరు తుడుస్తున్నారు. గిన్నెల చప్పుడు మామూలుగా లేదు.

"మీకు చెప్పకుండా టికెట్లు తీసుకోవడం నా తప్పే," అంది చిన్నకోడలు.

"'మీరు' అంటున్నావు. కోపం బాగా వచ్చిందన్నమాట," అంది పెద్దకోడలు. "దేనికో చెప్పు."

"నేను కన్నాను. మీరు పెంచారు. కాదనను. కానీ అమ్మ అన్న ఒక్క పిలుపు నాకు మిగిల్చొచ్చు కదక్కా. పొద్దున విన్నాను. నా కొడుకు చేత అమ్మా అని పిలిపించుకుని, ఇంకోసారి పిలవమని అడగడం విన్నాను."

పెద్దకోడలి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. కుళాయి కట్టేసి, తడి చేతులు తుడుచుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది.

"మిగతాది వినలేదా?"

"వినే ఓపిక లేకపోయింది."

"విని ఉంటే టీ తాగి వెళ్ళేదానివి. అదంతా ఆటే, స్టేషన్లో వాడు తప్పిపోయాడు. నేను నువ్వన్నమాట. జనంలో నువ్వు కనబడకపోతే ఏం చేస్తావురా అన్నాను. అమ్మా అని అరుస్తానన్నాడు. అరిపించాను. ఊళ్ళో ప్రతి పిల్లాడూ అమ్మా అనే అరుస్తాడు, మీ అమ్మకెలా తెలుస్తుంది అన్నాను. అప్పుడు మీ లాయరమ్మ చెప్పింది, ఎక్స్‌రే అని అరిస్తే మా అమ్మ ఒక్కతే తిరిగి చూస్తుందని. అప్పట్నించీ ఇద్దరూ ఎక్స్‌రే, ఎక్స్‌రే అని ఇల్లెగిరేలా అరుస్తున్నారు. నీ కోసమే అరుస్తున్నారు పిచ్చిదానా."

చిన్నకోడలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేతిలో గుడ్డని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"నేను రానని నాకు మొదట్నించీ తెలుసు," అంది పెద్దకోడలు. "నేనొస్తే వాళ్ళు నా వేలు వదలరు. నువ్వు వెనకాల సంచులు మోస్తూ నడవాల్సొస్తుంది. నాకా మాత్రం తెలియదనుకున్నావా? వారం నుంచి గుండుగాడికి కథ చెప్పి నిద్రపుచ్చడం కూడా మానేశాను, మీ అమ్మని అడగమని పైకి పంపేస్తున్నాను. గమనించలేదా?"

గమనించింది. వాడు మారాం చెయ్యకుండా వస్తున్నాడని సంతోషపడింది కూడా. ఎవరు పంపుతున్నారో ఆలోచించలేదు.

"అక్కా," అంది చిన్నకోడలు. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఏడుపొచ్చేలా ఉంది. "వెనక గేటు సంగతి నీకెవరు చెప్పారు?"

పెద్దకోడలు గుమ్మం వంక చూసింది. బయట గదిలో పెద్దాయన చైను తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది.

"మా అక్కని చూసొస్తానని వెళ్ళేదాన్ని, గుర్తుందా? నువ్వు కాపురానికొచ్చిన కొత్తల్లో."

"ఉంది. మీ అక్కగారికి నువ్వంటే ఎంత ప్రేమో అని నేను వేళాకోళం కూడా ఆడాను."

"అక్క దగ్గరికి కాదు. ఆ ఊళ్ళో డాక్టరు దగ్గరికి. పిల్లల కోసం. నువ్వు రాకముందు నుంచే తిరుగుతూ ఉండేవాళ్ళం. ఆయన దుకాణం మూసి వచ్చేవారు. స్టేషను వెనక గేటు, వంతెన, ఆసుపత్రి మూడో అంతస్తు. అంతకు మించి ఆ ఊళ్ళో నేనేమీ చూడలేదు. టవర్ దగ్గర వరసలు బస్సులోంచి కనిపించేవి."

పిల్లల కోసం వైద్యానికొచ్చిన ఎందరో ఆడవాళ్ళు తన ఎక్స్‌రే గది బయట బెంచీ మీద అలా కూర్చోవడం చిన్నకోడలు రోజూ చూస్తూనే ఉంది. తన ఇంట్లో ఒక మనిషి ఏళ్ళ తరబడి అలా కూర్చుని వచ్చిందని ఏనాడూ తోచలేదు.

"మరి మానేశావేం?"

"లాయరు పుట్టింది. నువ్వు డ్యూటీకి వెళ్ళాలి. ఓ రోజు ప్రయాణానికి తయారయ్యాను. అది నా వేలు పట్టుకుని వదల్లేదు. అంత చిన్న చెయ్యి, ఎంత బలమో. ఆ రైలు పోయింది. తర్వాత మళ్ళీ ఎక్కాలనిపించలేదు." ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "ఆ మూడో అంతస్తు కిటికీలోంచి నది కనిపించేది. పసుప్పచ్చ కప్పున్న పడవొకటి జనాన్ని ఎక్కించుకుని ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ తిరిగేది. నేను దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. మంచి కబురు వచ్చిన రోజు ఎక్కిస్తానన్నారు మీ బావగారు. కబురూ రాలేదు, పడవా ఎక్కలేదు. పోనీలే, పిల్లల్ని ఎక్కించు. ఈ మాట మటుకు ఎవరికీ చెప్పకు."

చిన్నకోడలు ఇంక ఆపుకోలేకపోయింది. గోడకి ఆనుకుని, మొహానికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపులో సిగ్గు ఉంది, జాలి ఉంది. ఇన్నాళ్ళూ తన పిల్లల్ని ఎవరో లాక్కుంటున్నారని దాచుకున్న ముల్లు కూడా అందులోనే కొట్టుకుపోయింది. రెండు రోజులు పిల్లలు తనకొక్కదానికే దక్కాలని ఎంత గట్టిగా కోరుకుందో ఆవిడకి గుర్తుంది. ఆ కోరిక ఇప్పుడూ పోలేదు. అయినా నోరు విప్పింది.

"అక్కా, ఆ కబురు వచ్చి చాలా కాలమైంది. మేడ మీద ఇద్దరూ దూకుతున్నారు, వినబడటం లేదూ?"

పెద్దకోడలు తలెత్తి చూసింది. పైన నిజంగానే ధన్‌ధన్‌మని చప్పుడవుతోంది.

"నేను కన్నాను, నా కొడుకు అని ఇందాక అన్నాను. అది తప్పు. నువ్వు రావాలి. వాళ్ళని చూసుకోవడానికి కాదు. వాళ్ళని మేం చూసుకుంటాం, నీ వేలు పట్టుకుంటే పట్టుకోనీ, నాకేం కాదు. నువ్వు ఆ ఊరు చూడ్డానికి రా."

వంటగది గుమ్మంలో పెద్దాయన నిలబడి ఉన్నాడు. చేతులకి నల్లటి గ్రీజు. ఎంతసేపట్నించి ఉన్నాడో తెలియదు.

"రేపు పొద్దున్నే ఇంకో రెండు టికెట్లు నేను తెస్తాను," అన్నాడు.

"దుకాణమో?" అంది భార్య.

"మూసేస్తా. రెండు రోజులు సైకిలు లేకపోతే ఎవరూ చచ్చిపోరు. నడుస్తారు."

ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం చిన్నకోడలు ఎప్పుడూ వినలేదు. పెద్దకోడలు కూడా విని చాలా ఏళ్ళయినట్టుంది, మొగుడి వంక కొత్తమనిషిని చూసినట్టు చూసింది. అప్పుడు ఏడ్చింది. తోడికోడలి భుజం మీద తలపెట్టి, చప్పుడు చెయ్యకుండా, కడుపారా ఏడ్చింది.

కబురు మేడ మీదకి ఎలా చేరిందో గానీ లాయరు, గుండు పడుతూ లేస్తూ దిగి వచ్చారు. వంటగదిలో ఇద్దరు తల్లులు ఏడుస్తుంటే చూసి లాయరు గొంతు తగ్గించింది.

"పెద్దమ్మా, వస్తున్నావంటగా. మనం ముందు ఏం చూద్దాం? మ్యూజియమా, పార్కా?"

అందరికీ ఏం కావాలో చిటికెలో చెప్పగల మనిషి, తనకి ఏం కావాలని అడిగితే కాసేపు తడబడింది. తర్వాత కళ్ళు తుడుచుకుని సర్దుకుని కూర్చుంది.

"పడవ," అంది. "అందులో ముందు వరసలో నేను కూర్చుంటా. ఎంత ఏడ్చినా మీకు మటుకు ఇవ్వను."