శెట్టిగారి బంగళాలో తిత్తుల పియానో

గిద్దలూరు స్టేషను అవతల శెట్టిగారి బంగళా వైపు పొద్దుగూకినాక ఎవరూ పోయేవాళ్ళు కాదంట. మా ప్రాంతం కర్నూలు నుంచి ఒంగోలు జిల్లాలోకి మారిన కొత్తల్లో మాట ఇది. తాళం వేసిన గదిలో పియానో మోగేది. ఒక్క స్వరం... ఆగి, మళ్ళీ ఒకటి.

శెట్టిగారి కూతురు కన్యక పదేళ్ళకే జ్వరమొచ్చి పోయింది. పియానో రోజూ తొక్కేది ఆ పిల్లే. దానికి చేతులతో పనిలేదు — కింద కాళ్ళతో తొక్కుతుంటే బొక్కలున్న కాగితం చుట్ట తిరుగుతుంది, వేళ్ళతో నొక్కాల్సిన మెట్లు వాటంతటవే దిగి పాట వస్తుంది.

పనివాళ్ళు నిలవడం లేదని కాశీవిశ్వనాథం శెట్టి మార్కాపురం నుంచి హార్మోనియంలు బాగుచేసే జమాలుద్దీన్‌ను పిలిపించినాడు.

"అదేందో తేల్చు జమాలూ. బాగైతే మద్రాసోళ్ళకు ఇచ్చి పంపిస్తా."

జమాలుద్దీన్ పొద్దున్నే పియానో పై పలక విప్పినాడు. మధ్యాహ్నానికి గుట్టు దొరికింది. హార్మోనియం గాలి ఊదితే పలుకుతుంది. ఇది గాలి పీలిస్తే పలుకుతుంది! కాగితంలో బొక్క వచ్చిన చోట గొట్టంలోకి గాలి దూరుతుంది, ఆ మెట్టుకున్న చిన్న తోలు తిత్తి ముడుచుకొని దాన్ని కిందికి లాగుతుంది. ఇప్పుడు తిత్తులన్నీ చిరిగినాయి. గొట్టాలు పెళుసెక్కినాయి. తొక్కినా ఇది పలకదు.

మరి మోగిస్తున్నది ఎవరు?

చీకటి పడుతుండగా సామాను సర్దుకుంటున్నాడు...

టంగ్.

తిరిగి చూసినాడు. తొక్కుడు బద్దలు కదలడం లేదు.

టంగ్... టంగ్.

"యా అల్లా... కన్యకా, నువ్వేనామ్మా?"

కింది పలక ఊడదీసి బ్యాటరీ లైటు వేసినాడు. చిరిగిన తోళ్ళ పీలికల మధ్య ఎర్రటి ఎలుక పిల్లలు! తల్లి ఎలుక, తీగల్ని కొట్టే సుత్తుల మీదుగా పైకి ఉరికింది — టంగ్.

అక్కడే కూలబడి పడీపడీ నవ్వినాడు.

ఎలుకల్ని తరిమినాడు. రాచర్ల నుంచి పలచటి గొర్రె తోలు తెచ్చి, ఎనభై ఎనిమిది తిత్తులకూ ఒక్కొక్కటిగా అతికించినాడు. నెల పట్టింది. ఆఖరి రోజు సాయంత్రం కూర్చొని తొక్కినాడు. వేళ్ళు లేకుండానే మెట్లు దిగినాయి, లేచినాయి. ఇల్లంతా పాట.

శెట్టి భార్య పార్వతమ్మ గడప బయటనే నిలబడి చూసింది. నెల రోజుల్లో ఒక్కసారి కూడా లోపలికి రాలేదామె.

పాట అయిపోయింది. చీకటి పడింది. ఆమె కదల్లేదు. చెవి గదివైపే ఉంది...

"ఇంకేం మోగదమ్మా," అన్నాడు జమాలుద్దీన్ మెల్లగా. "దెయ్యమూ లేదు, ఏమీ లేదు. ఎలుకలు. తరిమేసినా."

"తెలుసు, అన్నా."

"ఏందమ్మా?"

"ఎలుకలని తెలుసు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మూడేండ్లుగా ఈ తలుపు సందులోంచి వాటికి గింజలు చల్లింది నేనే."