ఆరు బల్బుల వంటిల్లు

గు గారు మార్కెట్ నుంచి పీతలు తెచ్చిన రోజున ఆ ఇంట్లో ఎవరూ గొడవ పడకూడదని ఒక కట్టడి ఉంది. ఆ కట్టడి పెట్టింది ఆయనే. షాంఘై మగవాడి చేతిలో గరిటె ఉంటుంది గానీ పెత్తనం ఉండదు. అందుకని ఆయన కట్టడులను భార్య పెయ్‌జన్ తనకు తోచినప్పుడు పాటించేది, తోచనప్పుడు మానేసేది.

ఆ ఉదయం పాటించేటట్టే కనిపించింది. గడ్డితాళ్లతో కట్టేసిన పీతలు తొట్టిలో బుడగలు వదులుతున్నాయి. కిటికీలోంచి పొన్నపూల వాసన లాంటిదేదో వస్తోంది. రాత్రి మిగిలిన అన్నం నీళ్లు పోసి మరిగించి, ఆవాకు ఊరగాయతో గిన్నె పట్టుకొచ్చిన పెయ్‌జన్‌కు బల్ల మీద గిన్నె పెట్టడానికి చోటు దొరకలేదు. బల్ల నిండా కూతురు పరిచిన పెద్ద కాగితం ఉంది.

"ఈ దుప్పటి తియ్యవే. ఎక్కడ కూర్చుని తినను?"

"దుప్పటి కాదమ్మా, నా నాలుగు నెలల కష్టం. కళ్లజోడు పెట్టుకుని చూడు" అంది సిమిన్.

సిమిన్ భవనాల నమూనాలు గీసే ఆఫీసులో పని చేస్తుంది. ఆ కాగితం మీద ఉన్నది చెన్‌లు అనే పాత భవనంలో నాలుగో అంతస్తు. పెయ్‌జన్ పుట్టింటివాళ్లయిన డింగ్ కుటుంబం ఉన్న చోటు. ఒకప్పుడు ఆ వీధిలో కారు దిగినవాళ్లు తలెత్తి చూసి గాని ముందుకు కదలని భవనం. రెండేళ్ల కిందట అందరికీ వేరే చోట ఇళ్లిచ్చి ఖాళీ చేయించారు. ఇప్పుడు గేటుకు తాళం, బాల్కనీల్లో పిచ్చిమొక్కలు. బాగుచేత మొదలయ్యేలోపు ఆ భవనం ఎలా ఉండేదో గీసి, రాసి, ఈ నెలాఖరుకు ప్రదర్శనలో పెట్టాలని ఎవరో పూనుకున్నారు. నాలుగో అంతస్తు సిమిన్ వంతుకు వచ్చింది. పెయ్‌జన్ ఆ సంగతి పార్కులో తనతోపాటు డాన్సు చేసే ఆడవాళ్లందరికీ రెండేసి సార్లు చెప్పేసింది.

కళ్లజోడు పెట్టుకుని వంగింది. వేలితో మెట్లెక్కింది. ఇదిగో జాలీ తలుపుల లిఫ్టు. ఇదిగో గుండ్రంగా వంపు తిరిగిన కిటికీ. నేల మీద చెక్కిన నల్లచారలతో సహా గీసింది పిల్ల, బంగారు చేతులు! వేలు హాలు దాటి, నడవ దాటి, వంటింట్లోకి వెళ్లి ఆగిపోయింది.

"ఇదేంటి?"

"ఏదమ్మా?"

"ఇక్కడేం రాశావో చదువు."

సిమిన్ సోయాపాలు తాగుతూ అటు చూడకుండానే చెప్పింది. "పనిమనిషి గది. వంటింటి పక్కన ఉండేది కదా."

"అది మా ఇల్లు" అంది పెయ్‌జన్.

గు గారు తొట్టి దగ్గరనుంచి తల తిప్పి చూసి, మళ్లీ పీతల వైపు తిరిగాడు.

"అమ్మా, అలా కాదు. ఇది కట్టినప్పటి రూపం. అప్పట్లో ఆ అంతస్తంతా ఒక్క కుటుంబానిదే. తర్వాత అడ్డంగా వేసిన చెక్కగోడలు, అటకలు, వైర్లు, అవన్నీ తీసేసి అసలు ఎలా ఉండేదో..."

"తీసేసి! మమ్మల్ని కూడా దులిపేశావన్నమాట. మేమేమన్నా గోడకి పట్టిన బూజా?"

"నేనలా అన్నానా?"

"ఆ గదిలో నలుగురం పడుకున్నాం. మీ తాతయ్య కాళ్లు చాపితే తలుపు మూసుకునేది కాదు. మీ అమ్మమ్మ ఆ గదిలోనే ముసలిదైంది, ఆ గదిలోనే పోయింది. ఆవిడ నూలుమిల్లులో పని చేసింది గానీ ఎవరింట్లోనూ పనిమనిషి కాదు! మరి మా బల్బులేవీ?"

"ఏ బల్బులు?"

పెయ్‌జన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ వంటింట్లో ఆరు కుటుంబాలకు ఆరు బల్బులుండేవి. ఎవరి వైరు వాళ్ల గదిలోకి, ఎవరి స్విచ్చి వాళ్ల మంచం పక్కన. వంటకు వెళ్లేముందు గదిలో స్విచ్చి వేసుకుని వెళ్లాలి. పక్కవాళ్ల బల్బు ఎంత వెలుగుతున్నా సరే, దాని కింద కూర తరిగితే పరువు పోయినట్టే. ఒకరి గిన్నెలో ఉప్పు తీసుకున్నా క్షమించేవారు గానీ ఒకరి వెలుతురు తిన్నవాళ్లను క్షమించేవారు కాదు. ఇది తెలియని పిల్ల ఆ వంటింటి నడిమధ్య చక్కగా ఒకే ఒక్క దీపం గీసి పెట్టింది.

"ఇదంతా ఆ సోంగ్ దొరసాని నూరిపోసిందే కదూ?" అంది పెయ్‌జన్. "రెండు నెలలుగా ఆవిడ ఇంటి చుట్టూ తిరుగుతున్నావు. మా నాన్న పియానో, మా నాన్న విందులు, ఇదేగా చెప్పేది?"

సిమిన్ గ్లాసు కింద పెట్టింది. ఇప్పటిదాకా అణుచుకున్న గొంతు పైకి లేచింది. "ఆవిడకంటే ముందు చెప్పింది నువ్వు! చిన్నప్పుడు నన్ను పడుకోబెడుతూ ఏం చెప్పేదానివి? పాలరాతి మెట్లు, ఇత్తడి పిడులు, రంగుటద్దాలు. ఒక్కనాడైనా వంటిల్లని అన్నావా? నలుగురం ఒక గదిలో పడుకున్నామని అన్నావా? అమ్మమ్మ చనిపోయేనాటికి నాకు ఆరేళ్లు. నువ్వు చెప్పిన ఇల్లే గీశానమ్మా నేను."

పెయ్‌జన్‌కు ఆ మాట మింగలేక కక్కలేక అయిపోయింది. పిల్ల చెప్పింది నిజమే, కాకపోతే నిజమైనంత మాత్రాన కోపం తగ్గాలని రూలేమీ లేదు కదా. నెలాఖరుకు ఈ కాగితం గోడకెక్కుతుంది. ఊరంతా వచ్చి చూస్తుంది. చూసినవాళ్లకు అక్కడ పియానో ఉందని తెలుస్తుంది, అమ్మ ఉందని తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు.

"సోంగ్ బామ్మ ఇవాళ అక్కడికే వస్తోంది, కొలతలు సరిచూడ్డానికి" అంది సిమిన్, కాస్త తగ్గి. "తాళం నా దగ్గరుంది. నువ్వూ రా. ఏదన్నా ఉంటే ఆవిడ ముందే అడుగు."

"వస్తాను. నాకేమన్నా భయమా?"

"మరి పీతలు?" అన్నాడు గు గారు.

"అవేమన్నా పారిపోతాయా? మధ్యాహ్నానికి వండు!"

*

సోంగ్ విన్‌లాన్‌ను ఆ భవనంలో అందరూ వెనకనుంచి దొరసాని అనేవారు. నాలుగో అంతస్తు మొత్తం వాళ్ల నాన్నది. విప్లవం వచ్చి కాలం మారాక ఒక్కొక్క గదికీ ఒక్కొక్క కుటుంబాన్ని దింపగా, చివరికి ఆవిడకు మిగిలింది ఆ వంపు కిటికీ ఉన్న గది. పెళ్లి చేసుకోలేదు. ఎనభై దాటి చాలా ఏళ్లయినా ఈనాటికీ పెదవులకు రంగు వేసుకోకుండా చెత్త పారేయడానికి కూడా బయటికి రాదు. ఇవాళ కూడా చేతికర్ర, ముత్యాల దండ, రంగు పెదవులతో గేటు దగ్గర టాక్సీ దిగింది.

"లావయ్యావు పెయ్‌జన్" అంది దిగీ దిగగానే.

"మీరింకా చిక్కినట్టున్నారు పిన్నీ. కొత్త చోట వంట కుదరడం లేదా?" అంది పెయ్‌జన్. మర్యాదకు మర్యాద, పోటుకు పోటు.

లిఫ్టు ఎప్పుడో చచ్చిపోయింది. మెట్లెక్కారు. ఇత్తడి పిడులు ఎవరో ఊడదీసుకుపోయారు. రంగుటద్దాల్లో సగం పగిలి, ఆ సందుల్లోంచి పావురాలు వచ్చిపోతున్నాయి. అయినా మెట్ల వంపు మాత్రం వంపే, దాన్ని ఎవరు ఊడదీస్తారు? ప్రతి మలుపు దగ్గరా దొరసాని ఆగి ఊపిరి తీసుకుంది. పెయ్‌జన్ కూడా ఆవిడ కోసం ఆగినట్టు నటించి తన ఊపిరి తీసుకుంది.

వంటిల్లు పగలు కూడా చీకటే. సిమిన్ ఫోను లైటు పైకి తిప్పింది. మసి పట్టిన కప్పు నుంచి కత్తిరించిన వైర్లు వేలాడుతున్నాయి. వాటి చివర ఖాళీ హోల్డర్లు. సిమిన్ మెడ వెనక్కి వంచి వాటిని లెక్కపెట్టింది. ఇన్నిసార్లు వచ్చింది గానీ టేపు నేల మీద పరిచిందే తప్ప తలెత్తింది లేదు.

పెయ్‌జన్ సరిగ్గా ఒక హోల్డరు కిందికి వెళ్లి నిలబడింది. అక్కడ నిలబడగానే దాచుకున్నదంతా బయటికొచ్చేసింది.

"ఇది మాది. దాని పక్కది మీది. గుర్తుందా పిన్నీ? నాకు పదేళ్లు. మా అమ్మ మీ బల్బు వెలుతుర్లో క్యాబేజీ వేయిస్తోంది. మీ వంట అయిపోయింది. అమ్మ చేతిలో కాగే నూనె ఉంది. మీరు గదిలోకెళ్లి టక్కుమని స్విచ్చి ఆపేశారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. చీకట్లో అమ్మ మొహం కనపడలేదు. 'పో, మన స్విచ్చి వెయ్యి' అంది, అంతే. ఆ రోజునుంచి మీరంటే నాకు మంట. ఇప్పుడు నా కూతురు మీ మాటలు విని మా అమ్మని పనిమనిషి అని రాసింది."

"అమ్మా..." అంది సిమిన్.

దొరసాని చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టింది. "ఆపాను" అంది. "తెలిసే ఆపాను. ఆ రోజు పొద్దున మా పియానో దింపుకుపోయారు. హాల్లో ఇంకో కుటుంబాన్ని పెట్టారు. వాళ్లనేమీ అనలేక మీ అమ్మ మీద చూపించాను. అత్త మీద కోపం దుత్త మీద."

"అంత తేలిగ్గా అంటున్నారే!"

"తేలికేం కాదు, విను. మర్నాడు నా బల్బు మాడిపోయింది. పాపం పండిందని వంటిల్లంతా ఒకటే నవ్వు. మీ అమ్మ నవ్వలేదు. తన వంట చేసుకుంది, గిన్నె తీసుకుంది, గదిలోకి పోయింది. దీపం మాత్రం ఆపలేదు. నా చేప వేగేదాకా అది వెలుగుతూనే ఉంది. అది జాలో దెప్పిపొడుపో నాకిప్పటికీ తెలీదు పెయ్‌జన్. ఆ చేప నేను తినలేకపోయాను."

పెయ్‌జన్ తలెత్తి ఆ రెండు హోల్డర్లనూ చూసింది.

"మర్నాడు కొత్త బల్బు తెచ్చుకుని, నా పనయ్యాక నేనూ ఆపలేదు. అలా మొదలైంది. ఒక రోజు తనది, ఒక రోజు నాది. ఇద్దరం ఒకే వెలుతుర్లో వండుకునేవాళ్లం, ఒకరి మొహం ఒకరం చూసుకోనట్టే. నాలాంటి డబ్బున్నవాళ్ల కూతురితో కలిసి మసులుతోందని తెలిస్తే మీ అమ్మని మిల్లులో బతకనిచ్చేవాళ్లా?"

"నాకెందుకు చెప్పలేదు అమ్మ?"

"నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా? ఇప్పటికీ నానడం లేదు" అంది దొరసాని.

సిమిన్‌కు నవ్వాగలేదు. పెయ్‌జన్ కూతురి వైపు ఉరిమి చూసింది గానీ ఆ చూపులో పస లేదు.

"కానీ బామ్మా," అంది సిమిన్, "ఇవన్నీ నాకెందుకు చెప్పలేదు మీరు? విందులూ పియానో మాత్రమే చెప్పారు."

"నువ్వు అవే అడిగావు తల్లీ. ఇత్తడి పిడుల గురించి అడిగే పిల్లకి బల్బుల గోల ఎవరు చెప్తారు? నిజం చెప్పాలంటే ఆ హాల్లో కుర్చీ ఎక్కడుందో నాకు గుర్తులేదు. ఊహించి చెప్పాను. ఈ వంటింట్లో ఒక్కటే దీపం ఉన్న రోజుల్లో నేను ఈ గుమ్మం తొక్కనే లేదు. అన్నం వండటం నాకు నేర్పింది ఈ పెయ్‌జన్ వాళ్లమ్మ. నువ్వు గీసింది అందంగానే ఉంది. కానీ అందులో నేను లేను. నేను బతికింది ఈ వైర్ల కింద."

సిమిన్ సంచీలోంచి కొత్త కాగితం తీసి, పాత స్టవ్ గట్టు మీద దుమ్ము మోచేత్తో తుడిచి పరిచింది. "మొదట్నుంచి చెప్పండి. ఎవరిది ఎక్కడ?"

ఇక చూడాలి. ఆ మూలది వాచీలు బాగుచేసే ఫాన్ వాళ్లదని ఒకరు, కాదు ఫాన్ వాళ్లది కిటికీ పక్కదని ఒకరు. ఫాన్ కోడలు తన గిన్నెకు తాళం వేసుకునేదని ఒకరంటే, ఆ తాళానికి కారణం మీ తమ్ముడేనని ఇంకొకరు. సిమిన్ గీసింది చెరిపి, మళ్లీ గీసి, మళ్లీ చెరిపింది. ఒక చోట ఇద్దరూ ఒక్కసారే "అవునవును!" అని చేతులు పట్టుకున్నారు, పట్టుకున్నామని గమనించి వదిలేశారు.

"మరి ఈ గది పేరు?" అడిగింది సిమిన్, పెన్సిలు వంటింటి పక్క గది మీద ఆపి. "ఏం రాయనమ్మా?"

"డింగ్ వాళ్ల ఇల్లు అని రాయి. నలుగురు ఉండేవారని రాయి." అంతవరకు చెప్పి పెయ్‌జన్ కాగితం మీద ఆ చోటును వేలితో కొలిచింది. "సుఖంగానే ఉండేవారని కూడా రాయొచ్చు, చోటుంటే."

*

మధ్యాహ్నం దొరసానిని ఇంటికి పంపనివ్వలేదు పెయ్‌జన్. "పీతలున్నాయి, తిని వెళ్లండి" అని టాక్సీ ఎక్కించుకుని తెచ్చేసింది. గు గారు గుమ్మంలో ముగ్గురి మొహాలూ చూసి, మబ్బు విడిపోయిందని తేల్చుకుని, ఇంకో నాలుగు పీతలు ఆవిరికి పెట్టాడు.

బల్ల మీద ఎర్రటి పీతలు, అల్లం తరుగు వేసిన వెనిగర్ గిన్నె, గోరువెచ్చని బియ్యం సారాయి. సిమిన్ కొత్త కాగితాన్ని మడవకుండా బీరువా మీద జాగ్రత్తగా పెట్టి వచ్చింది. దొరసాని పీత కాలు విరిచి, మాంసం చెక్కుచెదరకుండా లాగుతోంది. ఆ పనితనానికి గు గారు ముచ్చటపడి తన పీతను తినడం మరిచిపోయాడు. మాటలు తగ్గాయి. పీతలు తినేటప్పుడు ఎవరైనా అంతే, తలలు వంగిపోతాయి.

తల వంచుకునే, చేయి చాపి, దొరసాని అంది: "చ్యావ్‌యున్, ఆ వెనిగర్ ఇటు జరుపు."

గు గారు ఎవరినా అని చూశాడు. సిమిన్‌కు అర్థం కాలేదు. పెయ్‌జన్ చేయి మాత్రం గాల్లో ఆగిపోయింది.

అది అమ్మ పేరు. పెయ్‌జన్ ఎన్నడూ నోటితో పలకని పేరు, కన్నతల్లిని పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? వంటింట్లో అందరికీ అమ్మ డింగ్ వాళ్లావిడ. మిల్లులో ఒక నంబరు. నాన్నకు 'ఇదిగో'. అమ్మ చనిపోయిన రోజున ఎవరో తెలియని మనిషి ఆ పేరును కాగితం చూసి పైకి చదివాడు, అంతే. ఒకరి మొహం ఒకరు చూసుకోనట్టే వండుకున్నామని చెప్పిన ఈ ముసలావిడ నోట్లోంచి ఆ పేరు ఎంత అలవాటుగా వచ్చింది! ఎన్ని వందలసార్లు పిలిస్తే అలా వస్తుంది? అయితే ఆ ఇంట్లో అమ్మకు ఒక స్నేహితురాలు ఉండేది. అమ్మను పేరు పెట్టి పిలిచి ఇది ఇవ్వు, అది జరుపు అనే మనిషి ఉండేది. పెయ్‌జన్ కళ్లు నిండిపోయాయి, పోనీలెమ్మని తుడుచుకోలేదు.

తను ఏమన్నదీ దొరసాని గమనించలేదు. చేయి ఇంకా చాపే ఉంది.

"ఇదిగో" అంటూ పెయ్‌జన్ గిన్నె జరిపింది. ఆవిడ మాంసం ముంచుకుని తినేదాకా చూసి, మెల్లగా ఆ గిన్నెను వెనక్కి లాక్కుని తన పక్కనే పెట్టుకుంది, ఇంకొక్కసారి అడుగుతుందేమోనని.